చెవిగారు

మా బావ చెవి చాలా గొప్పదని నమ్మేవాళ్లు ఈ లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ ఆయనతో ఒకే ఇంట్లో ఉండి ఎరగరు. వంటింట్లోంచి మా అక్క "ఏమండీ, కాస్త పాలు చూడండి" అని కేకేస్తే, ఆ మాట ముందు గదిలో ఉన్న బావను చేరేసరికి పాలు పొయ్యి మీదకు చేరిపోయి ఉంటాయి.

బావ అంటే మా అక్క మొగుడు. తాళంచెవులు చేస్తాడు. బజారు మలుపులో ఒక బట్టల కొట్టు ఉంది. దాని మేడమెట్ల కింద మిగిలిన ఖాళీలో ఆయన కూర్చుంటాడు కాబట్టి దాన్నీ షాపే అనాలి. లేచి నిలబడితే తల మెట్టుకు తగులుతుంది. గోడ నిండా మేకులు, మేకుల నిండా ఇంకా పళ్లు కోయని తాళంచెవులు. ఎవరైనా పాత తాళంచెవి తెస్తే దాన్ని మిషను మీద ఒక పక్క, పళ్లు లేనిదాన్ని ఇంకో పక్క బిగించి మీట నొక్కుతాడు. ఆ కీచుమనే మోతకు పక్క కొట్లో బట్టలు మడతపెట్టేవాళ్ల పళ్లు కూడా జివ్వుమంటాయి. పొద్దస్తమానం ఆ మోత పక్కనే కూర్చుని, సాయంత్రం ఇంటికొచ్చి, పాటలో వెనకెక్కడో మోగిన చిరుగంట సరిగ్గా వినపడలేదని బాధపడతాడు. అదీ మా బావ.

నేను వాళ్లింటి మేడ మీద గదిలో ఉంటాను. లైబ్రరీలో పని. నిశ్శబ్దంగా ఉండండి అని నలుగురికీ చెప్పడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట చెప్పే అధికారం నాకు లేదు.

ఈ పాటల పిచ్చి ఎలా పట్టుకుందో కూడా చెప్పాలి. ఒకాయన గడప దాటగానే గాలికి తలుపు పడి తాళం పడిపోయింది. తాళంచెవి లోపల, ఆయన బయట. బావను పిలిపించాడు. బావ మోకాళ్ల మీద కూర్చుని కన్నంలో తీగ పెట్టి తిప్పుతుంటే లోపల ఆపకుండా వచ్చేసిన పాట ఒకటి మోగుతోందట. తలుపు తెరుచుకునేసరికి ఆ పాడేమనిషి గదిలోనే ఉందనుకుని బావ బెదిరిపోయి, "క్షమించండమ్మా" అన్నాడట. చూస్తే రెండు చెక్క పెట్టెలు. ఆ పాట పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి, చేసిన పనికి కూలి కూడా మరిచి ఇంటికొచ్చాడు. ఆనాటి నుంచి ఆయన పాటంటే చెవి కోసుకోవడం, కూలి మరిచిపోయాడని అక్క దెప్పడం రెండూ సాగుతూనే ఉన్నాయి.

తరవాత పాత స్పీకర్లు ఒక జత కొన్నాడు. కొన్నవాడు ఊరుకోకుండా ఇంటర్నెట్‌లో 'ఇంటి శబ్దం' అనే గుంపులో చేరాడు. ఇళ్లలో మంచి స్పీకర్లు పెట్టుకుని పాటలు వినేవాళ్ల గుంపు అది. నిజం చెప్పాలంటే చాలా మంచివాళ్లు. ఎవరు ఎంత తెలివితక్కువ ప్రశ్న వేసినా వెక్కిరించరు. ఒకరి గది ఫొటో ఇంకొకరు చూసి "ఆ మూల ఒక దుప్పటి వేలాడదీయండి, గోల తగ్గుతుంది" అని సలహా ఇస్తారు. దుప్పటి వేలాడదీసినవాళ్లు మళ్లీ ఫొటో పెడతారు. అందరూ మెచ్చుకుంటారు. ఇంట్లో కప్పుకోవడానికి దుప్పటి ఉందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు.

వాళ్లకు ఒక మాటంటే మహా ఇష్టం. ముసుగు తొలగింది. కొత్త వైరు వేస్తే ముసుగు తొలగింది. పెట్టె కింద చెక్కముక్క పెడితే ముసుగు తొలగింది. బావ కూడా అది పట్టుకున్నాడు. ఒకరోజు వైరు మార్చి, కళ్లు మూసుకుని, "ఆహా, పాడేమనిషి మీద ముసుగు తొలగినట్టుంది" అన్నాడు. అక్క గుమ్మంలో నిలబడి అంతా విని, "పోయిన నెలా తొలగింది, మొన్నా తొలగింది. అసలు ఎన్ని ముసుగులేసుకుందండీ ఆవిడ?" అంది. బావ వారం రోజులు ఆ మాట వాడలేదు.

ఇక చెవి సంగతి. గుంపులో చేరేటప్పుడు పేరు అడిగారు. ముక్కూమొహం తెలియని చోట సొంత పేరెందుకులే అని, తన షాపు బోర్డు మీదున్న మాటే కొట్టాడు. తాళంచెవి. ఆ గుంపు పెట్టింది ఒక కాలేజీ లెక్చరరు. మర్యాదస్తుడు. "సంగీత రహస్యాలకు తాళంచెవి! ఎంత చక్కని పేరు పెట్టుకున్నారండీ" అని స్వాగతం పలికాడు. అది కాదండీ, నా బతుకుతెరువే అది అని చెప్పడానికి బావకు మొహమాటం. సరేలే అని ఊరుకున్నాడు. లెక్చరరుకు గారు అనకుండా ఎవరినీ పిలిచే అలవాటు లేదు. ప్రతిసారీ 'తాళంచెవి గారూ' అని కొట్టే ఓపికా లేదు. రెండో రోజుకే 'చెవిగారూ' అన్నాడు. ఆ వెనక చేరినవాళ్లు చూసిందేమిటి? అందరూ ఒకాయన్ని చెవిగారూ, చెవిగారూ అంటున్నారు. ఎంత గొప్ప చెవి కాకపోతే అంత పెద్దాయన గారు పెట్టి మరీ పిలుస్తాడు?

దాంతో మొదలయ్యాయి ప్రశ్నలు. 'చెవిగారూ, ఈ స్పీకరు మీ చెవికి ఎలా ఉంది?' బావ మొదట్లో తనకు తోచింది రాశాడు. ఆయనకు తోచేవన్నీ షాపు మాటలే. 'పై స్వరాలు అప్పుడే కోసిన తాళంచెవిలా ఉన్నాయండీ. అంచులు గీసుకుంటున్నాయి. ఆకురాయితో ఒక్కసారి అలా రుద్దినట్టుండాలి' అని రాశాడు. గుంపంతా ఊగిపోయింది. ఆకురాయి పట్టిన చేతులతో ఆ మాట రాశాడని వాళ్లకేం తెలుసు! లెక్చరరైతే ఇలాంటి పోలిక తానెక్కడా చదవలేదని రాశాడు. ఇంతమంది కలిసి ములగచెట్టు ఎక్కిస్తుంటే ఎవరు మాత్రం దిగుతారు?

క్రమంగా బావ తీర్పులు చెప్పడం మొదలుపెట్టాడు. ఇంట్లో మోగే పాటను ఎవరో ఫోనులో రికార్డు చేసి పంపేవారు. ఈయన దాన్ని మళ్లీ ఫోనులోనే విని, ఏ స్పీకరు బాగుందో చెప్పేవాడు. సబ్బుపెట్టె ఫొటో చూసి సబ్బు వాసన చెప్పినట్టన్నమాట. బ్యాంకులో క్యాషియరుగా చేసే ఒక మెతక మనిషి, పాత స్పీకర్లు ఉంచుకోవాలా, కొత్తవి తెచ్చుకోవాలా అని అడిగి రెండు రికార్డింగులు పంపాడు. 'పాతవి వదిలేయండి, కొత్తవాటిలో ముసుగు తొలగింది' అని బావ రాశాడు. పాపం ఆ మనిషి నిజంగానే వదిలేశాడు.

ఇలా కొంతకాలం హాయిగా గడిచింది. ఒక సాయంత్రం బావ మెట్లెక్కి నా గదికి వచ్చాడు. ఆయన మేడ మీదకు రావడమే అరుదు. వచ్చీ రాగానే కుర్చీలో కూలబడ్డాడు.

"కొంప మునిగిందే," అన్నాడు.

"ఎవరి కొంప?"

"మనదే. వాళ్లంతా వస్తున్నారు."

లెక్చరరు ప్రతిపాదించాడట. ఎన్నాళ్లని ఫోనుల్లో మాట్లాడుకుంటాం, ఒక ఆదివారం అందరం చెవిగారింట్లో కలుద్దాం అన్నాడట. తాను కొత్తగా కొన్న యాంప్లిఫయరు, అంటే స్పీకర్లకు పాట అందించే పెట్టె, తెస్తాడు. బావ పాత యాంప్లిఫయరు పక్కన పెట్టి, రెంటి మీదా బట్ట కప్పుతారు. ఏది మోగుతోందో చెప్పకుండా పాట వేస్తారు. చెవిగారు విని చెప్పాలి.

"అయితే చెప్పు, నీకు తెలుస్తుందిగా," అన్నాను.

బావ నీళ్లు నమిలాడు. తరవాత కక్కేశాడు. తనకేమీ తెలియదట. బాగా లేని స్పీకరేదో, బాగున్నదేదో చెప్పగలడు కానీ, బాగున్నవాటిలో ఏది ఏదో తెలియదట. వైరు మార్చినప్పుడు తెలిసినట్టే అనిపిస్తుందట, ఎందుకంటే మార్చింది తనే కాబట్టి.

"ఇన్నాళ్లూ అందరి చెవుల్లో పువ్వులు పెట్టావన్నమాట."

"నేను పెట్టలేదే. వాళ్లే పెట్టమని చెవులు చాపారు," అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి ఆపుకున్నాను. "షాపులో నన్నేమని పిలుస్తారో తెలుసుగా. 'ఏయ్ తాళాలూ' అంటారు. పిలిచేవాళ్లలో నాకంటే చిన్నవాళ్లే ఎక్కువ. తలుపు తెరిపించుకునేదాకా బతిమాలతారు, తెరిచాక నన్ను దొంగను చూసినట్టు చూస్తారు. గారు అనేది ఆ ఒక్కచోటేనే. అదీ పోతే ఎలా?"

నాకు జాలేసింది. సరే, సాధన చేద్దాం అన్నాను. అక్క బజారుకు వెళ్లినప్పుడు కిందికి దిగి, పొరుగింటాయన యాంప్లిఫయరు అడిగి తెచ్చి, అదే కొత్తదనుకోమని చెప్పి, బట్ట వెనక కూర్చుని మీట అటూ ఇటూ తిప్పేదాన్ని. బావ కళ్లు మూసుకుని, నుదురు ముడిచి, "ఇది కొత్తది. గొంతు ముందుకొచ్చింది" అనేవాడు. అది పాతదై ఉండేది. ఒకసారి నేను మీట ముట్టుకోనేలేదు. "ఇప్పుడు చూశావా, గదంతా తెరుచుకున్నట్టయింది" అన్నాడు. ఏమీ మార్చలేదని చెప్పాక ఆయన లేచి కిటికీ దగ్గరకెళ్లి వీధిలోకి చూస్తూ నిలబడిపోయాడు.

"దగ్గుదాం," అన్నాను చివరికి.

మీట దగ్గర ఎలాగూ నన్నే కూర్చోబెడతారు. నాకు ఆ పిచ్చి లేదు, ఏ పక్షమూ లేదు. పాతది మోగితే ఒక దగ్గు, కొత్తదైతే రెండు. బావ ఒప్పుకోలేదు. ఛీ, తప్పు అన్నాడు. సాయంత్రానికి మళ్లీ మెట్లెక్కి వచ్చి, "ఒకటంటే పాతదేగా?" అని అడిగాడు.

ఆదివారం రానే వచ్చింది. ముందుగా లెక్చరరు, తన యాంప్లిఫయరును పసిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు. ఆయన వెనక పళ్లడాక్టరమ్మ. రోజంతా ఆస్పత్రిలో పళ్లు తొలిచే మిషను మోత వినే మనిషి కాబట్టి ఆవిడ నాకు మా బావ చుట్టంలా అనిపించింది. చివర్లో క్యాషియరు. మనిషి సన్నగా, మర్యాదగా ఉన్నాడు. గుమ్మంలోనే చేతులు జోడించి, "మీ మాట విన్నాక ఇంక ఆలోచించలేదండీ, పాతవి వదిలేశాను" అని చెప్పి, వెంటనే రుమాలు అడ్డం పెట్టుకుని గట్టిగా దగ్గాడు.

"జలుబండీ," అన్నాడు. "వారం నుంచీ వదలట్లేదు."

నేను బావ వైపు చూశాను. బావ నా వైపు చూశాడు.

అక్క అందరికీ టీ ఇచ్చింది. లెక్చరరు బట్ట కప్పాడు. నేను వెనక కూర్చున్నాను. పాట మొదలైంది. మోగుతున్నది పాత యాంప్లిఫయరు. ఒకసారి దగ్గాను. అదే క్షణంలో క్యాషియరు మూడు దగ్గులు దగ్గాడు. బావ కళ్లు తెరిచి మూశాడు. నేను మళ్లీ దగ్గాను. క్యాషియరు అందుకున్నాడు. పళ్లడాక్టరమ్మకు కూడా గొంతు గరగరలాడిందేమో, చిన్నగా సవరించుకుంది. ఇంతలో అక్క వంటింట్లోంచి మంచినీళ్లు తెచ్చి, "నీకూ అంటుకుందా ఏమిటే?" అని నన్నడిగింది. లెక్చరరు పాట ఆపి, "చెవిగారూ, చెప్పండి" అన్నాడు.

బావ కళ్లు తెరిచి బట్ట వైపు చూశాడు. మొహం మీద చెమట పట్టింది. "నాకేమీ తెలియలేదండీ," అన్నాడు.

లెక్చరరు మొహం వెలిగిపోయింది. "విన్నారా? చెవిగారికే తేడా తెలియలేదంటే, పాత యాంప్లిఫయరు కొత్తదానికి సమానంగా నిలిచిందన్నమాట! ఇది చాలా పెద్ద విషయం."

"అది కాదండీ. నాకు తెలియదు."

"అవునవును, అంత సూక్ష్మమైనదన్నమాట తేడా!"

నిజం చెబుతున్నా నమ్మేవాడు లేక బావ నలిగిపోవడం చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చివరికి ఆయన లేచి, చిలక్కొయ్యకు తగిలించిన చొక్కా జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి, టీకప్పుల మధ్య బల్ల మీద పెట్టాడు.

"ఇదండీ చెవి," అన్నాడు. "నేను ఇవి చేస్తాను. బజారులో, మెట్ల కింద. మీరు చెవిగారూ అంటే ఇదే అనుకోవాలి. నా చెవులు అందరి చెవుల్లాంటివే. మొదటిరోజే చెప్పాల్సింది. గారు అన్నారని చెప్పలేకపోయాను. మా మరదలు దగ్గి చెబుతానంది, అదీ కుదరలేదు."

నా పేరు బయటికి లాగకుండా ఉంటే బాగుండేది. లెక్చరరు గుత్తిని చూస్తూ ఉండిపోయాడు. మిగతావాళ్లు ఆయన మొహం చూస్తున్నారు. క్యాషియరే ముందు నోరు విప్పాడు. "అయితే నా పాత స్పీకర్లు... బాగానే ఉండేవా అండీ?"

"మీకు బాగా వినపడేవా?"

"చాలా బాగుండేవి."

"అయితే బాగానే ఉండేవండీ," అన్నాడు బావ తలొంచుకుని. "నన్ను క్షమించండి."

"వాటిని మా బావమరిది పట్టుకుపోయాడు," అన్నాడు క్యాషియరు. కోపంగా అనలేదు. అందుకే బావకు ఇంకా ఎక్కువ తగిలింది.

ఆ తరవాత టీ బాగుందన్నారు. ఎండ బాగా ఉందన్నారు. లెక్చరరు యాంప్లిఫయరు సర్దుకుని, గుమ్మం దగ్గర "చెవి..." అని ఆగి, "వెళ్లొస్తానండీ" అని సరిచేసుకున్నాడు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా బావ గుమ్మంలోనే ఉన్నాడు. లోపలికొచ్చి, గుంపులోంచి తనంతట తానే తప్పుకుంటానని ఫోను తీశాడు. ఎక్కడ నొక్కాలో తెలియక చాలాసేపు వెతుకుతుంటే ఫోనే ఠంగుమంది.

క్యాషియరు గుంపులో అందరికీ కనపడేలా రాశాడు. 'చెవిగారూ, మా బావమరిది స్పీకర్లు తిరిగివ్వనంటున్నాడు. వాళ్లింటికి ఒక తాళంచెవి చేసిపెట్టగలరా?'

దాని కింద పళ్లడాక్టరమ్మ పళ్లన్నీ కనపడేలా నవ్వే బొమ్మ పెట్టింది. ఆ కింద లెక్చరరు, 'పళ్లు కోసేటప్పుడు అంచులు గీసుకోకుండా చూడండి చెవిగారూ' అని రాశాడు.

బావ రెండుసార్లు చదివాడు. మూడోసారి నాకు చదివి వినిపించాడు. కళ్లు తుడుచుకుని, ఒక్క ఉదుటున వంటింటి గుమ్మం దాకా వెళ్లి, "ఏమోయ్, విన్నావా? గారు పోలేదు! నాకేమీ వినపడదని చెప్పినా సరే, గారు ఉంచారు!" అన్నాడు.

అక్క కప్పులు సింకులో పెడుతోంది. వెనక్కి తిరగలేదు. "ఇందాక మీరు చెప్పింది నిజమేనా?" అంది.

"ఏది?"

"తేడా తెలియదన్నది."

"నిజమే. ఏం?"

"మరి నన్ను పిలిచి నిలబెట్టి, 'ఇప్పుడు విను, తెలిసిందా?' అని అడిగేవారుగా. ఒక్కసారీ నాకు తెలియలేదు. మీకు తెలిసి, మీ గుంపులో అందరికీ తెలిసి, నా ఒక్కదానికే తెలియడం లేదంటే నా చెవులే పోతున్నాయనుకున్నాను. మొన్న చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను."

నేను గుమ్మం పక్కనే ఉన్నాను. ఈ సంగతి నాకు కూడా తెలియదు. బావ చేతిలో ఫోను మళ్లీ ఠంగుమంది. ఆయన చూడలేదు.

"ఏమన్నాడు?" అన్నాడు సన్నగా.

"చెవులకు పెట్టి ఏవేవో మోగించాడు. అన్నీ వినపడ్డాయి. నీ చెవులకేం ఢోకా లేదమ్మా, మీవారిని ఒకసారి తీసుకురా అన్నాడు." ఆ మాట అంటున్నప్పుడు అక్క కొంచెం నవ్వింది. తరవాత నవ్వు ఆగిపోయింది. "నాకు నమ్మకం కుదరలేదు. శ్రుతి తప్పినా నాకు తెలియదు కదా, నలుగురూ నవ్వుతారని కూనిరాగం తీయడం కూడా మానేశాను."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా అక్క పని చేసుకుంటూ ఏదో ఒకటి పాడుకుంటూనే ఉంటుంది. పెళ్లికి ముందు నుంచీ ఉన్న అలవాటు. ఈమధ్య వంటింట్లోంచి ఆ రాగం రావడం లేదు. నేను గమనించలేదు. చెవిగారూ గమనించలేదు. నాకు బావ మీద పట్టరాని కోపం వచ్చింది. నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

"నన్ను అడగొచ్చుగా," అన్నాడు బావ.

"అడిగితే ఏమనేవారు? సరిగ్గా విను అనేవారు."

బావ లోపలికెళ్లి అక్క చేతిలోంచి కప్పు తీసుకున్నాడు. "నువ్వెళ్లి కూర్చో. నీకిష్టమైన పాట పెట్టుకో. ఏమీ అడగను," అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ వంటింట్లో కప్పు కడగడం నేను చూడలేదు. సబ్బు ఎక్కడుందో కూడా తెలియక పక్కింటివాడిలా చూస్తుంటే అక్క వేలితో చూపించి ముందు గదిలోకి వచ్చింది.

ఎప్పుడూ బావ కూర్చునే కుర్చీలో కాకుండా కిటికీ పక్కన పీట వేసుకుని కూర్చుంది. నన్ను ఏదో పాత పాట పెట్టమంది. పెట్టాను. మొదట ఊరికే వింది. చరణం రెండోసారి తిరిగేసరికి, పెదాలు కదలకుండా, గొంతులోనే సన్నగా అందుకుంది. వంటింట్లో కప్పుల చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది. అక్క పాడటం ఆపి అటు తిరిగింది.

"ఏమండీ, ఆ కుళాయి కాస్త కట్టండి. పాట వినపడట్లేదు!"

మొదటి పిలుపుకే కుళాయి ఆగిపోయింది.